సార్ సంతకం పెట్టిన రెండు ఉత్తరాలు

2008 జనవరి 9
జర్మనీలో పీహెచ్‌డీ సీటుకి ప్రకటన పడింది. ఒక్కటే. మలేరియా క్రిమి మందుల్ని తట్టుకునేలా తరతరాలుగా ఎలా మారిందో కంప్యూటర్ మీద లెక్కగట్టే పని. రెండేళ్లుగా ఈ ల్యాబ్‌లో నేను చేస్తున్నది అదే! నాకు కాకపోతే ఇంకెవరికిస్తారు? గైడ్ వీరరాఘవులు సార్ రికమెండేషన్ లెటర్ ఒక్కటే కావాలి.

జనవరి 14
ఐదు రోజులు తిరిగితే సార్ దొరికారు. నువ్వే రాసుకుని తెచ్చెయ్యమ్మా, సంతకం పెడతా అన్నారు. అందరికీ ఇదే మాట. చదవరు కూడా.

జనవరి 16
మూడు గంటల్లో నాలుగు లైన్లు. అనుగ్రహ బ్రిలియంట్ అని నా చేత్తో నేనెలా రాసుకోను? చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా, నేను ఎందుకూ పనికిరానిదాన్ని అని మొదలుపెట్టే ఇల్లు మాది. చివరికి సిన్సియర్, పంక్చువల్, టీమ్‌తో కలిసి పనిచేస్తుంది అని రాశాను. ఛీ. మా మయూర్ విహార్ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌కి ఇచ్చే సర్టిఫికెట్‌లా ఉంది.

జనవరి 17
ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే కిరీటి కూడా అప్లై చేస్తున్నాడట. వరంగల్ వాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. రేపే లాస్ట్ డేట్, నాది గూడ జర నువ్వే రాసియ్యవా అనూ అని బతిమాలాడు. పావుగంటలో రాసిచ్చేశాను. నా గురించి కాదుగా, సిగ్గేముంది? ఒరిజినల్ థింకర్ అన్నాను. మా మలేరియా లెక్కల ప్రోగ్రామ్ మొత్తం సొంతంగా రాశాడన్నాను. అందులో సగం పైగా నాదే. ఇద్దరం చేసిందేగా, పోనీలే అనుకున్నాను.

జనవరి 18
సార్ ఫోన్లో మాట్లాడుతూనే రెండిటి మీదా సంతకాలు గీకేశారు. ప్యూన్ స్టాంపు గుద్ది, పనైపోయిందన్నట్టు హో గయా దీదీ అన్నాడు.

ఫిబ్రవరి 20
మెయిల్ లేదు. కళ్లు కాయలు కాస్తున్నాయి.

మార్చి 3
కిరీటికి వచ్చింది.

మార్చి 4
నిన్న రాయబుద్ధి కాలేదు. వాళ్లు పంపిన మెయిల్ కిరీటి చూపించాడు. మీ గైడ్ లెటరే మమ్మల్ని ఒప్పించిందని రాశారు. ఒరిజినల్ థింకర్ అన్న నా మాటను కోట్స్‌లో పెట్టి మరీ! అంతా నీ పుణ్యమే అనూ అంటూ స్వీట్ బాక్స్ నా టేబుల్ మీద పెట్టాడు. వాడి మీద కోపం లేదు. ఎందుకు లేదు, ఉంది. ఆ ప్రోగ్రామ్‌లో సగం పైగా నాదేనని వాడు ఒక్క ముక్క వాళ్లకు రాయొచ్చుగా? సార్ మీద ఇంకా ఉంది. అందరికన్నా నా మీద. హాస్పిటల్ డ్యూటీ దిగి వచ్చిన అమ్మ, దేవుని చిత్తం అలా ఉందమ్మా అంది. దేవుడేం చేశాడు, నేనే కదా రాసిచ్చాను అని అరిచాను. పాపం, అమ్మ యూనిఫామ్ కూడా మార్చుకోకుండా అలాగే కూర్చుండిపోయింది.

మార్చి 7
సార్ రూమ్‌కి వెళ్లాను. వచ్చే ఏడాదికి నా లెటర్ మీరే రాయాలి సార్, ఇప్పుడే, నా ఎదురుగా అన్నాను. అచ్ఛా అచ్ఛా, కూర్చో అన్నారు. కాగితం తీశారు. నా పేరు రాశారు. పెన్ను ఆగింది. తలెత్తి, ఇంతకీ మన ల్యాబ్‌లో నువ్వేం చేస్తుంటావమ్మా అని అడిగారు.