మిర్కో మోకాలు

జూన్ 3, 1979
ఒప్పేసుకున్నాను. కొత్తగా పెట్టిన ప్రొఫెషనల్ సాకర్ (మన ఫుట్‌బాలే) క్లబ్‌కి ఎముకల డాక్టర్ కావాలట. మా హాస్పిటల్లో సీనియర్లంతా తప్పుకున్నారు... “సాకరా? అమెరికాలో ఎవరు చూస్తారు?” చివరికి నా దాకా వచ్చింది.
మా ఆయన రఘు నవ్వు ఆపుకోలేకపోయాడు. “జయా, నీకు గోల్ పోస్ట్ ఎటుంటుందో తెలుసా?”
తెలియదు. మోకాళ్లు తెలుసు.

జూన్ 10
మొదటి మ్యాచ్. బేస్‌బాల్ స్టేడియంలో. మైదానమంతా గడ్డి, ఒక మూల మాత్రం ఎర్రమట్టి. దాని మీద కూడా పరిగెత్తాలి. ఆటగాళ్లు టాప్ లేని కార్లలో చేతులూపుతూ వచ్చారు. బ్యాండు, బెలూన్లు. జనం తక్కువ, గోల ఎక్కువ.
కోచ్ హారిస్, ఇంగ్లండ్ మనిషి. నన్ను నర్సనుకున్నాడు. కాదని చెప్పాను. సారీ అనలేదు, బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

జూన్ 17
గెలిచాం. ‘గెలిచారు’ అని కదా రాయాలి.

జూన్ 24
భోజనాల బల్ల మీద ఆఫ్‌సైడ్ పాఠం. ఆవకాయ సీసా గోల్‌కీపరు. రఘు లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చాడు, నాకంటే ముందు తనే చదివేశాడు. “నెక్స్ట్ మ్యాచ్‌కి నేనూ వస్తా. టికెట్ బుక్ చెయ్యి.”

జూలై 15
మిర్కో రెండు గోల్స్. యుగొస్లావియా నుంచి వచ్చాడు, ముప్ఫై మూడేళ్లు. బంతి అతని కాలి దగ్గరికి రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడుతుంది... నేనూ. చీలమండకు కట్టు కడుతుంటే అన్నాడు: “డాక్టోర్, నేను మా ఊళ్లో ఫైనల్ ఆడలేదు. ఇక్కడ ఆడతాను.”

ఆగస్టు 12
గడ్డి ఆగిపోయి మట్టి మొదలయ్యే అంచున మిర్కో కాలు మెలిపడింది. పరిగెత్తాను. మోకాలి లోపలివైపు లిగమెంటు సాగింది, తెగలేదు. మూడు వారాలు విశ్రాంతి అన్నాను. వచ్చే ఆదివారం సెమీఫైనల్.

ఆగస్టు 19
సాయంత్రం. అక్షరాలు వంకర.
పొద్దున డ్రెస్సింగ్ రూమ్‌లో హారిస్... “నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వండి. తొంభై నిమిషాలు చాలు.”
“నొప్పి తెలియకపోతే సాగిన లిగమెంటు కాస్తా తెంపుకుంటాడు. ఇవ్వను.”
“ఓడిపోతే మీదే బాధ్యత.”
“అలాగే.”
మిర్కో నా వైపు చూడలేదు. అతని బదులు డాన్ ఆడాడు. హైస్కూల్లో పీటీ మాస్టారు, సీజనంతా బెంచీ మీదే ఉన్నాడు. మొదటి అరగంట బంతి దొరికితే చాలు జారవిడిచాడు. హారిస్ ప్రతిసారీ తల తిప్పి నన్నే చూశాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను.
చివరికి చెరో గోలు. ఇక షూటౌట్... దూరం నుంచి బంతితో పరిగెత్తుకుంటూ రావాలి, ఐదు సెకన్లలో కొట్టాలి, ఎదురుగా గోల్‌కీపరొక్కడే. ఆఖరి వంతు డాన్‌ది. నేను కళ్లు మూసుకున్నాను. డాక్టర్ని, ఎన్ని ఆపరేషన్లు చేశానో... కళ్లు మూసుకున్నాను.
స్టేడియం కేకలతో దద్దరిల్లింది.
తెరిచేసరికి హారిస్ నన్ను గాల్లోకి ఎత్తేశాడు. స్టాండ్స్‌లో రఘు పక్కవాళ్లెవరినో కావలించుకుని ఏడుస్తున్నాడు. అందరికంటే ముందు డాన్ దగ్గరికి చేరింది మిర్కో, కుంటుకుంటూ.

ఆగస్టు 21
మొన్న అరిచిన అరుపులకి గొంతు రాలేదు. పేషెంట్లకి సైగలు చేశాను.

ఆగస్టు 24
మిర్కో మెట్లు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. వాపు లేదు. హాస్పిటల్లో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆడతాడా అని. సాకర్ ఎవరు చూస్తారన్న పెద్దాయన కూడా.

ఆగస్టు 26
ఫైనల్. డ్రెస్సింగ్ రూమ్ పక్కగదిలో, ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనక రాస్తున్నాను. తర్వాత డైరీలో అంటించాలి.
మోకాలు రెండుసార్లు చూశాను, వాపు లేదు. మొదటిసారి నొక్కితే మొహం చిట్లించాడు. రెండోసారి చిట్లించలేదు... ఓర్చుకున్నాడేమో. ఒంటికాలి మీద గెంతమన్నాను, గెంతాడు.
హారిస్ ఈసారి గట్టిగా అడగలేదు. “మీరెలా అంటే అలా, డాక్టర్.” అదింకా కష్టంగా ఉంది.
మూడు వారాలన్నది నేనే. ఇవాళ్టికి రెండే. వేరే ఎవరి మోకాలైనా ఒక్క క్షణంలో వద్దనేదాన్ని.
పైన జనం కాళ్లతో చప్పుడు చేస్తున్నారు, సీలింగు అదురుతోంది. నాకు అతను ఆడాలనుంది. ఇందాక వాపు లేదని తేల్చింది డాక్టరా, లేక పోయిన వారం గొంతు పోగొట్టుకున్న మనిషా?
ఇంకోసారి చూస్తాను. ఇంకో ఐదు నిమిషాల టైముంది.
జవాబు కోసం తలుపు కొడుతున్నారు—