తలుపు తట్టిన జాడలు

చెల్లీ,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. పక్కవీధిలో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుతావు, కానీ నీ ఎదుట నాకు నోరు పెగలదు.

మన బ్లడ్ బ్యాంకులో దాతల వివరాలన్నీ ఉండే సర్వర్‌కి బయటినుంచి దారి మూసింది నేనే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పాస్‌వర్డులు ఊహిస్తూ దాని మీద పడుతున్నారు. అందుకని ఆఫీసు కంప్యూటర్లకు తప్ప ఇంకెవరికీ పలకొద్దని దానికి చెప్పాను. రేడియోలు విప్పి, పాడుచేసి చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి బాగానే చేస్తాను. ఆ రేడియోల సంగతి మరోసారి.

మూసేముందు మేనేజరుగారు, "బయటినుంచి పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. కాలు విరిగి మంచమెక్కిన నీకు, ఇంటినుంచే బ్యాంకు పని చేసుకొమ్మని, ఆయనతో అనకుండా దారి ఇచ్చింది నేనే కదా. "ఎవరూ లేరండీ" అనేశాను.

సర్వర్‌లోకి రాలేక నువ్వు ఫోన్ చేసి, "అన్నయ్యా, నన్ను పనిలోంచి మాన్పించేశారా? చెప్పెయ్, ఏడవనులే" అన్నావు. "లైన్లు బాగాలేవే" అని బొంకాను. సర్వర్ తాను రానివ్వని ప్రతివాళ్ళ జాడా రాసిపెడుతుంది. ఆ దొంగల మధ్య రోజూ పొద్దున్నే నీ ఇంటి కనెక్షన్ కనిపించేది. చూసి, టీ తాగి, ఊరుకునేవాణ్ణి.

నిన్న మేనేజరుగారికి నిజం చెప్పాను. "ఆ ముక్క అప్పుడే అనుంటే మీ సొమ్మేం పోయేది పెద్దాయనా?" అని, నీ ఒక్క ఇంటికి అనుమతిచ్చారు. ఇవాళ పొద్దున తెరిచాను. నిన్నెవరూ మాన్పించలేదమ్మా. తిట్టాలనుంటే కాలు కుదుటపడ్డాక వచ్చి తిట్టు.

మీ అన్నయ్య

సంతకం పెట్టాక, రోజూలాగే ప్రయత్నించి ఈసారి లోపలికొచ్చిన నువ్వు సర్వర్ తెరమీద కనిపించావు. ఒక దాత ఫోన్ నంబరు సరిచేసి, వెళ్ళిపోయావు.