ఎడమ మూల

ఆస్టోరియా, ఒరెగాన్
అక్టోబరు 14

మెర్ల్ హాగెన్ గారికి,

నీ పడవల షెడ్డులో పని సవ్యంగా సాగుతోందని, ఈ వానలకి నీ మోకాలు మరీ సలపడం లేదని తలుస్తాను. ‘గారు’ చూసి నవ్వుకునే ఉంటావు. మూడేళ్ళుగా మాట్లాడని స్నేహితుడికి ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

క్యాంపర్ విప్పాను, ట్రక్కు వీపున పెట్టుకునే ఆ చెక్కగది. పదేళ్ళ కిందట నువ్వు మాకు అమ్మినదే. తన బూడిదని అందులోనే స్టీన్స్ కొండ మీదికి తీసుకెళ్ళాలని లోర్నా కాగితం మీద రాసిపెట్టింది. మార్చిలో పోయింది. ఇప్పటిదాకా నాకు చేతులు రాలేదు. ఇంకో రెండు వారాలు పోతే మంచు పడి పైదారి మూసేస్తారు. అందుకని పోయిన ఆదివారం క్యాంపర్‌ని ట్రక్కు మీదికి ఎక్కిద్దామని చూశాను. పడక కింద చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళు చెక్కలోకి దిగాయి. తడిసిన రొట్టెలా ఉంది.

లోపలి పలక ఊడదీశాను. ఎడమ మూలంతా పైనుంచి కిందిదాకా నల్లబూజు. నిలువు కర్రలు మూడు, అడ్డపట్టె ఒకటి చివికిపోయాయి. డ్రైవరు తలమీదికి పొడుచుకొచ్చే ఆ పడక బరువు సగం ఆ మూలే మోస్తుందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఇలాగే రోడ్డెక్కితే కొండ చేరేలోపే కూలుతుంది. వారంగా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తేమ మీటరు ముల్లు ఎర్రగీత దిగడం లేదు.

అల్మారా తలుపు వెనక నీవీ లోర్నావీ రాతలు అలాగే ఉన్నాయి. ఏటా అక్టోబరులో క్యాంపర్ కప్పు అతుకులకి నీళ్ళు దిగకుండా జిగురు పట్టించాక మీరు వేసుకున్న తారీఖులు, పక్కన మీ పేర్ల మొదటి అక్షరాలు. ఆరు వరసలు. ఆరింటిలోనూ ఇద్దరూ. ఏడో వరసలో నేనొక్కణ్ణే. నిన్న ఇసుక కాగితం తీసుకుని, అవన్నీ చెరిపేద్దామని రుద్దడం మొదలుపెట్టాను. రెండో వరసలో లోర్నా పెన్సిలు రాత కనబడి ఆపాను.

ఆ ఆరు అక్టోబర్లూ నేను వంటింట్లో ఉన్నాను. నిచ్చెన నాకు పడదు. కాఫీ కాస్తూ, కిటికీలోంచి కప్పు మీద రెండు జతల బూట్లు చూస్తూ ఉండేవాణ్ణి. నువ్వేదో అనేవాడివి, లోర్నా నవ్వేది. భోజనాల దగ్గర అడిగితే, ఏం లేదు హార్లన్, పడవల కబుర్లు అనేది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో నేను తనకి పడవల కబురు ఒక్కటీ చెప్పలేకపోయాను. ఒకసారి నువ్వు కిందికి దిగుతూ, ఏం ప్రొఫెసరూ, నిచ్చెన మూడో మెట్టెక్కితే మీ కాలేజీలో మార్కులేమైనా వేస్తారా అని అడిగావు. తను చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. నీకది గుర్తుండి ఉండదు.

మీ మధ్య ఏమీ లేదని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. నేను ఓర్వలేకపోయింది ఆ నవ్వుని.

అందుకే నాలుగేళ్ళ కిందట, ఈసారి జిగురు నేనే వేసుకుంటాను, నువ్వు రానక్కర్లేదని చెప్పాను. మరుసటి చలికాలానికి వాసన మొదలైంది. లోర్నా పడకెక్కి, ఇక్కడ తడికుక్క గానీ పడుకుందా అంది. మెర్ల్ అమ్మేటప్పటికే పుచ్చింది, కొత్త పలక కొట్టి దాచాడు అన్నాను. అది నీ చెవిన పడి మా గుమ్మంలోకొచ్చావు. ఒక్కసారి కప్పెక్కనియ్యి హార్లన్, నీళ్ళెక్కణ్ణుంచి దిగుతున్నాయో అయిదు నిమిషాల్లో చెప్తాను, నేనిచ్చినప్పుడది ఎండుకట్టె అన్నావు. అక్కర్లేదన్నాను. నా వెనక నుంచి లోర్నా, నువ్విలా చేస్తావనుకోలేదు మెర్ల్ అంది. నువ్వు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు. మార్చిలో అదే టోపీ చేత్తో పట్టుకుని చర్చిలో చివరి వరసలో నిలబడ్డావు. చూశాను. పలకరించలేదు.

ఇప్పుడు అడగాల్సింది ఒకటుంది. కొత్త కర్రలు కోయించి ఉంచాను. జాకీలున్నాయి. మూల ఎత్తిపట్టి కర్ర దూర్చడానికి ఇంకో మనిషి కావాలి, ఆ పని తెలిసిన మనిషి. ఈ ఊళ్ళో నువ్వు తప్ప నాకెవరూ తోచలేదు. వస్తే కొండదాకా కూడా రమ్మంటాను. లోర్నా రాసిన కాగితంలో నీ పేరు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

ఇట్లు,
హార్లన్ టీగ్

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. నాలుగేళ్ళ కిందట నేను వేసింది నీ జిగురు కాదు, సిలికాన్. అది అమ్మిన కొట్లో ఫిలిస్ అప్పుడే చెప్పింది, ఇది స్నానాలగదికి ప్రొఫెసర్ గారూ, కప్పుకి కాదు, పాత జిగురు మరక మీద అసలంటుకోదు అని. కెమిస్ట్రీ ముప్పై ఏళ్ళు చెప్పానమ్మా అన్నాను. అప్పటికి ఎడమ మూలలో నీ జిగురు గట్టిగానే ఉంది. నీది కాబట్టి గీకేశాను. మరుసటి వసంతంలోనే నా సిలికాన్ అంచు లేవడం చూశాను. తెల్లరంగు పూసి దిగాను. చలికాలంలో లోర్నా అడిగినప్పుడు నీ పేరు చెప్పాను. అది నమ్మే పోయింది.

ఆ రోజు కప్పంతా వేశానని తనతో చెప్పాను. వెయ్యలేదు. కిందికి ఒకసారి చూసి, ఒక్క మూలతోనే దిగిపోయాను. తక్కిన మూడు మూలల్లో ఇంకా నువ్వు వేసిందే ఉంది. ఇవాళ పొద్దున ఆ మూడు మూలలకీ మీటరు పెట్టి చూశాను. ఎండుకట్టెలు.