మేస్త్రి నెత్తిన వేసుకున్న తప్పు

ప్రియమైన నాన్నకు,

నీ దగ్గు తగ్గిందా? ఇక్కడ నా గది కిటికీ తెరిస్తే ఎదురుగా గోడే. ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది.

నిన్నొక సంగతి అడగాలి. మా ఆసుపత్రి ల్యాబులో ఇద్దరి రక్తం సీసాల మీద చీటీలు తారుమారయ్యాయి. ఒకాయనకు అక్కర్లేని మందు ఎక్కించారు. ఎలాగో గండం గడిచింది. తప్పు మా అటెండర్ పెద్దాయనదని తేల్చి, పనిలోంచి తీసేశారు. నాన్నా, ఆ చీటీలు అంటించింది నేను. అడిగినప్పుడు నోరు పెగల్లేదు.

కార్ఖానాలో నువ్వు ఏ ఇనప ముక్క పాడుచేసినా, దాని మీద నీ పేరు రాసి ఆఫీసరు బల్ల మీద పెట్టేవాడివని అమ్మ చెప్పేది. నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి?

నీ చిట్టి


చిట్టితల్లికి ఆశీస్సులు.

దగ్గు అలాగే ఉంది. పక్కింటివాళ్ళు ఖాళీ చేశారు, గోడ అవతల చప్పుడే లేదు. నువ్వు వేళకు తిను.

నువ్వడిగినదానికి జవాబు రాద్దామని కూర్చుని మూడు కాగితాలు చించేశాను.

నాన్న


ప్రియమైన నాన్నా,

నీ జవాబు నాకు తెలిసిందే కదా, మళ్ళీ చెప్పడం దేనికని ఊరుకున్నావనుకున్నాను. సోమవారం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి చెప్పేశాను. నన్ను సీసాలు కడిగే పనిలోకి మార్చారు. పెద్దాయనను మళ్ళీ రమ్మన్నారు.

ఆయన ఇంటికీ వెళ్ళాను. "ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు. చెప్పాను. "సరే, విన్నాను" అని తలుపేసుకున్నాడు.

క్యాంటీన్లో నా బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. అయినా ముద్ద గొంతు దిగుతోంది. ఇదంతా నిన్ను చూసి నేర్చుకున్నదే.

నీ చిట్టి


ప్రియమైన చిట్టితల్లికి,

నన్ను చూసి నేర్చుకున్నానన్నావు. ఆ మాట చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

నువ్వు పుట్టకముందు, నేను చేసిన ఇరుసు కొలత తప్పి మిషను విరిగింది. ఒకడి చెయ్యి నలిగింది. నాకు పని నేర్పిన మేస్త్రి ముందుకొచ్చి, "చూసి పంపింది నేనే, తప్పు నాది" అన్నాడు. ఆయన్ను ఇంటికి పంపేశారు. ఆయన నడిపే మిషను నాకిచ్చారు. నేను కిమ్మనలేదు. ముక్కల మీద పేరు రాయడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. అది నిజాయితీ అనుకుంది మీ అమ్మ. చెప్పాల్సిన ఒక్కచోట చెప్పలేకపోయినవాడి చాదస్తం అది.

నిన్న రెండు బస్సులు మారి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒక్కడే ఉంటున్నాడు. చూపు ఆనడం లేదు, గొంతును బట్టి పోల్చుకున్నాడు.

"మేస్త్రీ, ఆ ఇరుసు కొలత తప్పింది నేనే" అన్నాను.

"తెలుసురా. చెబుతావని చాన్నాళ్ళు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను. ఇప్పుడెందుకొచ్చావు?"

"మా అమ్మాయి చేసింది చూసి వచ్చాను" అని నీ సంగతంతా చెప్పాను.

"ఆ పిల్లకు ఇవన్నీ నేర్పిందెవరు?"

"మీరు కాక ఇంకెవరు మేస్త్రీ."

ఆయన గాలిలో చెయ్యి చాచి, తడుముకుంటూ కుర్చీ ఒకటి నా వైపు జరిపాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

నీ నాన్న