ప్రసన్న ఆపరేషన్ సంగతి

పెడన,
అక్టోబరు 2009

చెల్లాయి రత్నానికి,

గుడివాడలో నువ్వూ మరిదిగారూ కులాసా అని తలుస్తాను. ఫోను చేస్తే అమ్మ పక్కనే కూర్చుంటుంది, అందుకని రాస్తున్నాను.

నిన్న మామూలుగానే తెల్లారింది. పూజ ముగించి పెరట్లోకి వచ్చేసరికి తమ్ముడు రాజకుమార్ కరక్కాయ నీళ్ళలో ముంచిన బట్ట ఎండేస్తున్నాడు. ఇల్లంతా ఆ వగరు వాసనే. వాడి చిన్నపిల్ల పాలగ్లాసుతో అద్దకం బల్ల కింద దూరింది. పెద్దపిల్ల జడ కోసం నా ముందు కూర్చుంది. మరదలు ప్రసన్న కాలవలో ఉతికిన దుప్పట్లు మోసుకొచ్చి దించింది. తడి దుప్పటి బరువు నీకు తెలియనిది కాదు. నా పక్కన కూలబడి, "ఈ నెలకి గండం గడిచింది వదినా" అంది మెల్లగా.

నెలనెలా అంత భయంతో ఎదురుచూస్తోందని నాకప్పుడే తెలిసింది. రెండో కాన్పులో రక్తం ఆగక చావు తప్పింది కదా. మూడోది వద్దేవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆగస్టులో బందరు వెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాల్సింది, ఇంతలో స్వైన్‌ఫ్లూ వచ్చిపడింది. ఆస్పత్రి గడప తొక్కితే అంటుకుంటుందని అమ్మ ఆపించింది. అమ్మకి రోగం భయం కొంతే, మనవడి మీద ఆశ ఎక్కువ.

మధ్యాహ్నం నర్సమ్మ ఎలీసబెతు వస్తే అడిగాను. ఆడవాళ్ళకైతే ఆపరేషన్ తర్వాత చాలారోజులు బరువులెత్తకూడదంది. మగవాళ్ళదైతే ఇక్కడే చేసి అదేరోజు ఇంటికి పంపుతారట. పరీక్షలో సరేననేదాకా మూడు నెలలు జాగ్రత్త తప్పదట. తమ్ముడు అద్దకం ఆపి విన్నాడు.

సాయంత్రం అన్నాల దగ్గర, ఆపరేషన్ తానే చేయించుకుంటానని వాడే మాటెత్తాడు. అమ్మ కంచం జరిపేసింది. మగాడు నీరసపడితే పనెవరు చేస్తారంది.

"నాలుగు రోజులు అద్దకం ఆగుద్దమ్మా. ప్రసన్నకేమన్నా అయితే ఇల్లే ఆగిపోద్ది."

"ఊళ్ళో నవ్వుతార్రా."

"అందరూ మూతులకి గుడ్డలు కట్టుకునే తిరుగుతున్నారుగా. ఎవరు నవ్వారో మనకేం కనపడుద్ది?"

ప్రసన్న కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అమ్మ కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. చివరికి, "శుక్రవారం మాత్రం వద్దు" అంది.

గురువారం వెళ్దామనుకున్నాం. వాడికి తోడు నేను. కాలవ పనికి మనిషిని పెడతాం. వాడికి పథ్యం తానే వండుతానంది అమ్మ, బాలింతకి వండినట్టు.

దేవుడి దయ మనింటి మీదుంది.

నీ పెద్దక్క,
నాగేశ్వరమ్మ