పెంకుల టీమ్

ఫిబ్రవరి 9

ఎంట్రీ కన్ఫర్మ్ అయింది. ఆరు గంటలపాటు సాగే కార్ల రేసు, మే నెలలో. ఫోన్‌లో మావయ్య అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. డ్రైవర్లు మావయ్య, పిల్లి. మేనేజర్‌ని నేను.

పిల్లి అసలు పేరు ఎవరూ వాడరు. జీతానికి నడిపే డ్రైవరు. టైర్ల గుట్ట మీదో, లారీ టాపు మీదో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ముడుచుకుని నిద్రపోతాడు. లేచి కళ్ళు నులుముకుంటూ కారెక్కి, అందరికంటే ఫాస్ట్ ల్యాప్ కొడతాడు.

ఫిబ్రవరి 15

లారీ కడిగాను. వారమంతా మావయ్య ఫ్యాక్టరీ నుంచి ఇంటి పెంకులు మోస్తుంది, రేసులప్పుడు మా కారుని మోస్తుంది. ఎంత కడిగినా ఎర్రదుమ్ము వదలదు. హెల్మెట్లలోకి కూడా చేరుతుంది. పెద్ద కంపెనీల టీములవాళ్ళు మమ్మల్ని పెంకుల టీమ్ అని వెక్కిరించేవారు. మావయ్య ఆ మాటనే కారు మీద పెద్దక్షరాలతో రాయించాడు.

కడుగుతూ పాత సంగతులు తలుచుకున్నాను. నేను కాలేజీలో ఉండగా మావయ్య ఎవరో గుద్దేసి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొని ఫ్యాక్టరీ గోడౌన్‌లో పడేశాడు. తుక్కు అమ్ముకునేవాళ్ళని చూశాను గానీ, ఎదురెళ్ళి కొనుక్కునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానంది అత్తయ్య. ఫ్యాక్టరీలో మెషీన్లు రిపేర్ చేసే మనిషి మా మెకానిక్ అయ్యాడు. ఆయన్ని గొణుగుడు అంటాం. పని చేస్తున్నంతసేపూ తనలో తను గొణుక్కుంటూనే ఉంటాడు. గొణగడం ఆపాడంటే ఏదో పెద్దది విరిగినట్టు లెక్క. మొదటి రేసులో గేర్‌బాక్స్ పోయింది. తర్వాతి దాంట్లో కారే అంటుకుంది. ఆ తర్వాత అందరికంటే ఆఖర్న ఫినిష్ చేశాం. ఆ రోజు మావయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాకు స్పాన్సర్లు లేరు. వెనక కంపెనీ లేదు. ఉన్నవల్లా పెంకులు, మావయ్య మొండితనం.

ఆయన టీమ్‌ని పోషించడమే కాదు, నడుపుతాడు కూడా. మా క్లాసులో, అంటే మా రకం కార్ల విభాగంలో, రూలు అది. ప్రతి కారుకీ జీతం డ్రైవరుతో పాటు ఒక అమెచ్యూర్ ఉండాలి. సరదా కోసం నడిపేవాళ్ళన్నమాట. మొదటినుంచీ ఆ అమెచ్యూర్ మావయ్యే.

అమెచ్యూర్ లైసెన్స్ నాకూ ఉంది. చిన్న చిన్న రేసులు నడిపాను. ఏటా రెన్యూ చేయిస్తాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 14, మధ్యాహ్నం

టెస్టింగ్.

రెండో మలుపు దాటాక ఎవరిదో కారు ట్రాక్ మీద ఆగిపోయింది. ట్రాక్ కాపలా చూసే మార్షల్ దాన్ని నెట్టడానికి దిగాడు. స్లో అవ్వమని పసుపు జెండా ఊపుతున్నారు. అందరూ స్లో అయ్యారు, మావయ్య తప్ప. ఫుల్ స్పీడులో ఆ మార్షల్ పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఇద్దరి మధ్యా చెయ్యి చాపేంత జాగా లేదు.

జెండా ఊపలేదని వాదించాడు. ఊపారు. నేను చూశాను. గొణుగుడు చూశాడు. పిల్లి నిద్రలోంచి లేచి మరీ చూశాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు మావయ్య.

మార్చి 16

మావయ్య సంగతి అత్తయ్యని అడిగాను. ఈ మధ్య కప్పులో పొయ్యబోయి టీ బల్ల మీద పోస్తున్నాడని చెప్పింది. మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకుంటున్నాడట. డాక్టర్ దగ్గరికి రమ్మంటే ఇంతెత్తున లేస్తున్నాడట.

మార్చి 21

ఇవాళ చేసిన పని నాకే నచ్చలేదు. అయినా చేశాను.

గోడౌన్‌లో మావయ్యని కారులో కూర్చోబెట్టి, అటు చివర పిట్ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. రేసులో డ్రైవర్‌కి చూపించే బోర్డు. మామూలుగా దాని మీద "ఇన్" అని పెడతాం, పిట్‌లోకి, అంటే టైర్లు మార్చే చోటికి, వచ్చెయ్యమని.

"మావయ్యా, ఏముంది దీని మీద?"

"ఇన్. నాకు పరీక్షలు పెడుతున్నావేంటే?"

బోర్డు ఖాళీగా ఉంది.

గొణుగుడు గొణగడం ఆపేశాడు. దగ్గరికి వెళ్ళి బోర్డు మావయ్య చేతికిచ్చాను. వేళ్ళతో తడిమాడు. అక్షరాల్లేవు. కారు దిగడానికి చాలా టైమ్ పట్టింది.

"ఈ రేసు నువ్వు నడపకూడదు మావయ్యా."

"మరి ఎవరు నడుపుతారు? నువ్వా? నా సీటు మీద కన్నేశావ్. అవునా కాదా, చెప్పు!"

కాదనాలనిపించింది. నోటిదాకా వచ్చింది.

"అవును. నాకు నడపాలని ఉంది. నీకు కనబడటం లేదు. రెండూ నిజమే."

కారు మీద టార్పాలిన్ కప్పమన్నాడు. అందర్నీ బయటికి పంపి గోడౌన్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పెంచిన చెయ్యినే కరిచానని అమ్మకి ఫోన్ చేసి చెప్పాడట.

మార్చి 22

మావయ్య ఫోన్ ఎత్తలేదు.

మార్చి 27

అమ్మ రోజూ అంటోంది, వెళ్ళి కాళ్ళ మీద పడు, మా అన్నయ్య మనసు వెన్న అని. వెన్నే. కానీ నేను తప్పు ఒప్పుకుంటే ఆయన మళ్ళీ కారెక్కుతాడు. నేను పడను.

మధ్యాహ్నం ఎండలో రేసింగ్ సూట్ వేసుకుని పరిగెత్తుతున్నాను. కారు లోపల వేడి అలాగే ఉంటుంది. వీధిలో అందరూ నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు. అనుకోనీ.

ఏప్రిల్ 3

గొణుగుడు ఇంటికెళ్ళాను. వరండా నిండా గేర్‌బాక్స్ విప్పి పరిచి ఉంది. తాళం పడకముందే ఇంటికి తెచ్చుకున్నాడట. రేసు ఉందో లేదో తెలియకుండా ఎందుకని అడిగితే, లేకపోతే గేర్‌బాక్స్ బాగుండకూడదా అని గొణిగాడు. ఆయన భార్య దానిమీంచి దాటుకుంటూ తిరుగుతోంది.

పిల్లికి వేరే టీమ్ నుంచి పిలుపొచ్చింది. ఏమన్నావని అడిగాను. నిద్ర లేచాక చెప్తానని వాళ్ళతో అన్నాడట. ఇంకా లేవలేదట.

ఏప్రిల్ 11

గోడౌన్ ముందు కూర్చున్నాను. వారం నుంచీ రోజూ అదే పని. ఇవాళ మావయ్య వచ్చాడు, వెనక అత్తయ్య. నావైపు చూడలేదు. తాళం పట్టుకుని చెవి దూర్చడానికి తడుముకున్నాడు. జారింది. మళ్ళీ తడుముకున్నాడు. నేను లేవలేదు. సాయం చేస్తే తీసుకోడు.

తలుపు తెరుచుకుంది. టార్పాలిన్ లాగేశాడు.

"నీ కాళ్ళు పొట్టి. సీటు ముందుకి జరపాలి. గొణుగుడికి ఫోన్ చెయ్యి."

అంతే అన్నాడు.

అత్తయ్య తర్వాత వంటింట్లో చెప్పింది, రాత్రి తను ఏమందో. "మీరు గోడకి గుద్దుకుంటే మీ ఇష్టమండీ. ఆ ట్రాక్ మీద నించున్నవాడికీ ఓ తల్లి ఉంటుంది." మావయ్య తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉన్నాడట.

ఏప్రిల్ 26

టెస్టింగ్. నేను పిల్లికంటే చాలా స్లో. మావయ్యకంటే కూడా స్లో. చూపు బాగున్నప్పటి మావయ్యకంటే. ఏ మలుపులో ఏం చెయ్యాలో గంటసేపు చెప్పాడు. అన్నీ విన్నాను. సగం నాకు తెలిసినవే. అయినా విన్నాను.

మే 17, ఉదయం

వర్షం. పిల్లి టైర్ల మీద గుర్రుపెడుతున్నాడు.

అత్తయ్య వచ్చింది! ఇన్నేళ్ళలో ఒక్క రేసుకీ రాలేదు. పిట్ గోడ దగ్గర స్టూలు వేసుకుని స్క్రీన్ ముందు కూర్చుంది. దాని మీద వచ్చేవి చదివి మావయ్యకి చెప్తుందట. గ్యాప్ అంటే ఏంటని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

మే 17, సాయంత్రం

ఫినిష్ చేశాం.

వరసగా రాయలేను. పిల్లి మొదట నడిపి కారుని క్లాసులో రెండో ప్లేసులో నా చేతికిచ్చాడు. వాన ఎక్కువైంది. ముందు కారు చిమ్మే నీళ్ళలో ఏమీ కనబడలేదు. ఇన్నాళ్ళూ మావయ్యకి లోకం ఇలాగే ఉందేమో అనుకున్నాను. భయం వేసింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. నలుగురు దాటిపోయారు. రేడియోలో మావయ్య తిడతాడనుకున్నాను. "మంచి పని చేశావ్. కనపడకపోతే కాలు తియ్యాలి" అన్నాడు.

వాన తగ్గాక ఇద్దర్ని మళ్ళీ దాటాను. ఇంకొకణ్ణి దాటబోతుంటే వెనకనుంచి కంపెనీ టీమ్ కారొకటి గుద్దింది. గింగిరాలు తిరిగి గడ్డిలో పడ్డాను. ఇంజన్ ఆగిపోయింది. స్టార్ట్ చేశాను. రాలేదు. మళ్ళీ చేశాను. వచ్చింది. వెనక భాగం ఊడి నేలని రాసుకుంటోంది. అలాగే ఈడ్చుకుంటూ పిట్‌లోకి తెచ్చాను.

గొణుగుడు చప్పుడు లేదు. కారు కిందకి దూరాడు. ఊడినదాన్ని టేపుతో చుట్టారు, తాడుతో కట్టారు. రేడియోలో అత్తయ్య అరుస్తోంది, "అయిదో ప్లేసు, అయిదో ప్లేసు మనది! ఇంకా అయిపోలేదుగా? అయిపోలేదుగా?" కిందనుంచి సన్నగా గొణుగుడు మొదలైంది. ఆ చప్పుడుకి నేను హెల్మెట్ లోపల నవ్వాను.

నా వంతు పూర్తి చేసి పిల్లికిచ్చాను. ఆఖరికి క్లాసులో నాలుగో ప్లేసు. ఇంతకంటే మంచివి మాకు ఇంతకుముందు వచ్చాయి. కప్పు లేదు. ఫోటో లేదు. గుద్దినవాళ్ళ మేనేజర్ వచ్చి సారీ చెప్పాడు. ఇంత దెబ్బతో ఎలా తిప్పారండీ అన్నాడు.

మావయ్య నా హెల్మెట్ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. చప్పుడు విన్నాను, మూడో మలుపులో తొందరగా బ్రేక్ వేస్తున్నావన్నాడు. రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు.

మే 19

నిన్న డాక్టర్ చెప్పాడు, పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చట. మావయ్య రూలు పుస్తకం తెచ్చి అందులో వచ్చే ఏడు రేసుల క్యాలెండర్ చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

జూన్ 2

కూరగాయలకి వెళ్తున్నాం. మావయ్య నా పక్క సీట్లో. మార్కెట్ వెనక మలుపు వస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. "ఇంకా... ఇంకా... ఇప్పుడు" అన్నాడు.

బ్రేక్ వేశాను. కరెక్ట్.