ఐదు సెకన్లలో ఇద్దరు

శ్రీనూ,

బోనకల్‌లో మిర్చి కల్లం పక్కన నువ్వు బాస్కెట్‌బాల్ రింగు బిగించిన మరుసటి రోజు పొద్దున గుర్తుందా? నీ బిడ్డ మౌనిక బంతిని కళ్లకద్దుకుని, "రామా" అనుకుని వేస్తోంది. నువ్వు లుంగీ ఎగ్గట్టి, వేపపుల్ల నములుతూ, "నిమ్మళంగ వెయ్ బిడ్డా. బాల్ నీ చేతిల ఉన్నంతసేపు నిన్నెవడు అడుగుతడు?" అన్నావు.

నువ్వు పోయాక మౌనిక రాముడి తర్వాత "నాయినా" అని కూడా అనుకుంటోంది.

నిన్న ఖమ్మంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక మ్యాచ్. చివర్లో స్కోరు సమానంగా ఉండగా మౌనికకు ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే ఫ్రీ త్రో వచ్చింది. కళ్లు మూసుకుంది. తెరిచేలోపు ఈల మోగింది. బంతి అందుకున్నాక ఐదు సెకన్లలో వేయాలట. ఆ రూలు ఉన్నా ఎవరూ ఈల వేయరట. వేసింది నిన్నటి రిఫరీ, నీతో కలిసి ఆడిన రాజన్నే.

"నేనేం జెయ్యాలక్కా? పిల్ల కండ్లు తెరవకపాయె. గీ రూలు నీ తమ్ముడు చెప్పలేదా?" అన్నాడు.

మ్యాచ్ ఓడిపోయారు. మౌనిక పేరు రాలేదు. అవతలి జట్టు పిల్లలు, "ఇంకో దండం పెట్టుకో పో" అని నవ్వారు.

ఇంటికొచ్చాక సాయంత్రం మౌనిక అడిగింది. "అత్తమ్మా, ఇద్దర్ని తల్సుకుంటే టైం సాల్తలేదు. ఎవర్ని తీసెయ్యాలె?"

నీ భార్య పద్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

"దేవుణ్ణి తీసేస్తమా?" అంది అమ్మ.

వచ్చే ఏటి సెలక్షన్‌కు రాముడొక్కడే చాలని నిర్ణయించాం.

అక్క